సంతకం పెట్టాల్సిన మనిషి

అత్తగారి మాత్రల డబ్బా నింపడం ఆదివారం పొద్దుటి పని. వారానికి సరిపడా గళ్లున్న ప్లాస్టిక్ డబ్బా అది. బీపీది చిన్న తెల్ల మాత్ర. షుగర్‌ది పొడుగుది, మింగడానికి మారాం చేయించేది. థైరాయిడ్‌ది పరగడుపున వేసుకోవాలి, కాల్షియంది దాని దరిదాపుల్లోకి కూడా రాకూడదు. ఆమె భోజనాల బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి, ఒక్కో మాత్రా ఏ గడిలో పడాలో ఆ గడిలో వేస్తుంటే, భర్త పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "చూశావా అమ్మా, ఊరికే సణుగుతావు గానీ, కోడలి చదువు వృథా పోలేదు. ఇంట్లోనే కాంపౌండరుంది నీకు." అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే 'జోకేస్తే మొహం ముడుచుకుంటావేంటి' అన్న రెండో మాట వెంటనే వస్తుందని ఆమెకి తెలుసు. మొదటి మాట పడటం అలవాటయింది. రెండోదానికి జవాబు చెప్పుకోవడమే కష్టం.

పెళ్లయ్యాక చదివిన చదువు అది. ఫార్మసీలో పీజీ. 'చదువుకుంటానంటే వద్దన్నామా' అని ఈ ఇంట్లో ఎన్నిసార్లు అన్నారో! నిజమే, వద్దనలేదు. కుక్కరు విజిళ్ల మధ్య చదువుకోమన్నారు, బంధువులొస్తే పుస్తకం మూసెయ్యమన్నారు, పరీక్షల ముందు 'మా కాలంలో పిల్లల్ని చంకనేసుకుని పాసయ్యేవాళ్లం' అని ధైర్యం చెప్పారు. ఆమె పాసయింది, మంచి మార్కులతోనే పాసయింది. పట్టా చేతికొచ్చిన రోజున భర్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "లామినేషన్ చేయించు, చెమ్మ తగిలితే పాడైపోతుంది" అన్నాడు. చేయించింది కూడా. బీరువాలో చీరల కింద అది క్షేమంగా ఉంది, చెమ్మ తగల్లేదు.

ఆమెకి కావలసిందేమైనా ఆకాశంలో చందమామా? మెడలో వేలాడే బ్యాడ్జి ఒకటి. దాని మీద తన ఫొటో, తన పేరు, ఆ కింద తను చేసే పని. పొద్దున్నే గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ 'వెళ్లొస్తా' అనాలని ఉండేది. సాయంత్రం అలిసిపోయి రావాలని ఉండేది. ఇంట్లో పడే అలసట ఆమెకి కొత్త కాదు. కానీ బయట అలిసిపోయి వచ్చిన మనిషిని ఎవరైనా 'కూర్చో, మంచినీళ్లు తాగు' అంటారు. ఇంట్లో అలిసిపోయిన మనిషిని 'ఏమయింది, ఇంకా టీ పెట్టలేదా' అంటారు. సిగ్నల్ దగ్గర ఆగిన ఆఫీసు బస్సుల్లో కిటికీకి తల ఆనించి కునుకు తీసే ఆడవాళ్లని ఆమె సిగ్నల్ మారేదాకా అలాగే చూసేది. అసూయ అంటే అసూయే. దాచుకోవడమెందుకు?

ఉద్యోగాల వేట ఆమెకి పాతబడింది. మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చాక ఫోను పట్టుకుని కూర్చునేది. 'కొత్తగా చదువు ముగించినవారికి మాత్రమే' అని పైన ఉంటుంది, 'రెండేళ్ల అనుభవం తప్పనిసరి' అని కింద ఉంటుంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు! మందుల దుష్ఫలితాలు నమోదు చేసే కంపెనీ ఒకటి ఫోన్లోనే ఇంటర్వ్యూ చేసింది. దుష్ఫలితాల గురించి ఒక్క ప్రశ్నే అడిగారు. మిగతావన్నీ ఆమె గురించే. పెళ్లయిందా, పిల్లలున్నారా, లేకపోతే ఎప్పుడు అనుకుంటున్నారు, రాత్రి షిఫ్టులకి మీవారు ఒప్పుకుంటారా? 'ఆలోచించి చెబుతాం' అన్నారు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నారు కాబోలు.

చివరికి దారి చూపించింది కాలేజీలో సీనియర్ అక్క. "పెద్ద కంపెనీల గుమ్మాలు పట్టుకుని వేలాడకే. ఆస్పత్రుల్లో కొత్త మందుల ట్రయల్స్ జరుగుతుంటాయి. అక్కడ కోఆర్డినేటర్లు కావాలి. పేషెంట్లతో మాట్లాడాలి, ప్రతిదీ రాయాలి, డాక్టర్ల వెంట పడాలి. జీతం అంతంతమాత్రం, చాకిరీ గొడ్డు చాకిరీ. కానీ ఒక్క ఏడాది చేశావంటే అనుభవం లేదని నిన్నెవరూ అనలేరు."

"గొడ్డు చాకిరీయా? దానికైతే నాకు బోలెడు అనుభవం ఉందక్కా" అంది ఆమె. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఆ ఆస్పత్రికి దరఖాస్తు పంపుతున్నప్పుడు ఫోన్ నంబరు రాయమన్న చోట ఆమె వేళ్లు ఆలోచించకుండా భర్త నంబరు కొట్టేశాయి. గ్యాసుకి ఆయన నంబరు, బ్యాంకుకి ఆయన నంబరు, కొరియర్‌కి ఆయన నంబరు. ఈ ఇంటికి ఒక నంబరంటే అదే. పంపేశాక చూసుకుని, 'పోనీలే, ఎవరి ఫోనుకొస్తేనేం' అనుకుంది. ఇంటర్వ్యూకి రమ్మని కబురు ఆయనకే వచ్చింది. ఆయన నవ్వుతూనే చెప్పాడు. "వెళ్లిరా. సరదా తీరుతుంది."

ఆస్పత్రి పై అంతస్తులో, నడవా చివర ఉంది ఆ గది. గోడ పొడుగునా బీరువాలు, వాటి నిండా ఒకే రంగు ఫైళ్లు. మూలన ట్రయల్ మందులుండే ఫ్రిజ్జు సన్నగా హోరుమంటోంది, తలుపు మీద ఉష్ణోగ్రతల చార్టు. కిటికీ పక్కన ఖాళీ కుర్చీ ఒకటుంది. చూడగానే ఆ కుర్చీ తనదైపోతే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది. ఎప్పుడూ ఏమీ అడగని దేవుడికి కూడా దణ్ణం పెట్టేసుకుంది.

ఇంటర్వ్యూ చేసింది ఇద్దరు. ఆ విభాగం చూసుకునే నెరిసిన జుట్టావిడ, అక్కడే చాలాకాలంగా పనిచేస్తున్న బట్టతలాయన. చదువు గురించి నాలుగు ప్రశ్నలయ్యాక ఆవిడ పెన్ను మూసింది. "సరేగానీ, మన పనిలో అన్నిటికంటే ముందు సమ్మతి. మందు మనిషి ఒంట్లోకి వెళ్లే ముందు, అదేంటో, దాంతో మంచేంటో, ప్రమాదమేంటో ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. ఒప్పుకుంటేనే సంతకం తీసుకోవాలి. ఇప్పుడు నేను పేషెంటుని, ఈయన నా మొగుడు. నువ్వు కోఆర్డినేటర్‌వి. కానియ్యి."

బట్టతలాయన వెంటనే కాలు మీద కాలేసుకుని, "ఆఁ, చెప్పండి, ఏంటి ఈ మందు?" అన్నాడు, అచ్చం మొగుడిలాగే.

ఆమె చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, అంతకాలం లోపల మూటగట్టి పెట్టుకున్నదంతా ఒక్కసారి నోటికొచ్చింది. ఎన్నిసార్లు రక్తం తీస్తారో, తల తిరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఇందులో చేరకపోయినా మామూలు వైద్యం ఆగదనీ, ఒక్క కఠినమైన మాట లేకుండా చెప్పింది. ఆయన అడ్డు ప్రశ్నలేస్తే తడుముకోలేదు. అన్నీ అయ్యాక కాగితం తిప్పి, పెన్ను ఆయన ముందు పెట్టి, "ఇక్కడ సంతకం చేయించండి" అంది.

అప్పుడు పక్క కుర్చీలోంచి నెరిసిన జుట్టావిడ మెల్లగా అంది. "నేనిక్కడే ఉన్నానమ్మా."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. అంతసేపూ ఒక్కసారైనా ఆవిడ కళ్లలోకి చూడలేదు! పేషెంటు ఆవిడని తెలిసీ, మాటలన్నీ ఆ మగాడికే చెప్పింది. పరీక్షలో ఈ ప్రశ్నొస్తే పేజీలు నింపేది. కానీ చదువు బుర్రకెక్కింది గానీ, బతికిన తీరు ఒంటికి పట్టేసింది. ఇంట్లో ఎవరొచ్చి ఏమడిగినా 'ఆయన్నడిగి చెబుతా' అనే నోరది.

"ఇంకొక్కసారి చెయ్యనిస్తారా మేడమ్?" అంది, ఏడుపు మింగుకుంటూ.

ఈసారి తన కుర్చీని జరిపి ఆవిడ వైపు తిప్పుకుంది. బట్టతలాయనకి వీపే మిగిలింది. ఆయన ఊరుకుంటాడా? "దానికేం తెలీదండీ, నేను పెడతా సంతకం, ఇటివ్వండి" అని చెయ్యి చాచాడు. ఆమె తిరిగి చూడకుండానే, "మీరు పక్కనే ఉండండి, వినండి. మందు వెళ్లేది ఆవిడ ఒంట్లోకి. చెప్పాల్సింది ఆవిడే" అంది. తర్వాత ఆవిడ కళ్లలోకి చూస్తూ, "ఇందులో చేరాలా వద్దా అన్నది మీ ఇష్టమమ్మా. చేరాక కూడా, వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. మిమ్మల్నెవరూ ఏమీ అనరు" అంది. పుస్తకంలో వందసార్లు చదివిన వాక్యమే. ఒక ఆడమనిషి మొహంలోకి చూసి చెప్పడం మాత్రం అదే మొదటిసారి. ఈ మాట తనతో ఎవరైనా అంటే ఎంత బాగుండును అనిపించింది.

ఆ తర్వాత అంతా ఎదురుచూపే. భర్త ఫోను మోగినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోయేది. గిన్నె తోముతూ కుళాయి కట్టేసి చెవులు రిక్కించేది. ఆయన 'ఆఁ, చెప్పరా' అనగానే మళ్లీ కుళాయి తిప్పేది. ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారని భయం. ఆ కిటికీ పక్క కుర్చీ మాత్రం కళ్లముందు నుంచి కదల్లేదు. కూరగాయలు తరుగుతూ అందులో కూర్చునేది. బట్టలు మడతపెడుతూ అందులో కూర్చునేది. నోట్లో ఆ మాటలే ఆడుతుండేవి.

మళ్లీ ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్త ముద్ద కలుపుతూ అన్నాడు. "అన్నట్టు, చెప్పడం మర్చిపోయా. మొన్న ఆ ఆస్పత్రివాళ్లు ఫోన్ చేశారు."

ఆమె చేతిలో గరిటె ఆగింది. "ఏమన్నారు?"

"తీసుకుంటామన్నారు. ఎప్పుడు చేరతారు అనడిగారు. కుదరదండీ, మా అమ్మకి ఒంట్లో బాగుండదు, ఈవిడ లేకపోతే మాత్రలిచ్చే దిక్కు కూడా ఉండదు అని చెప్పేశా. కొంచెం కూర వెయ్యి."

"నన్నొక్క మాట అడగొచ్చు కదా?"

"అడిగితే నువ్వేమంటావో నాకు తెలీదా? మొహమాటస్తురాలివి, వాళ్లని వద్దనలేవు. ఆ పాపమేదో నేనే నెత్తినేసుకున్నా. అయినా నిన్ను తీసుకుంటామన్నారుగా, అది చాలదూ? సరదా తీరింది."

ఆమె కూర వేసింది. అదే ఆమెని కాల్చింది. లోపల అంతా భగ్గుమంటుంటే, చెయ్యి మాత్రం బుద్ధిగా గరిటె ముంచి కూర వేసింది. ఆయన మీద వచ్చిన కోపం కంటే ఆ చేతి మీద వచ్చిన కోపం ఎక్కువ.

గిన్నెలు తోముతున్నంతసేపూ ఆమెకి కన్నీళ్లు ఆగలేదు. ఆయన రాక్షసుడైతే ఎంత తేలికయ్యేది! తిట్టిపోసి ఊరుకోవచ్చు. కానీ ఆయన చేసింది ఆ రోజు ఆ గదిలో తను చేసిందే. పక్కన మనిషిని పెట్టుకుని, ఆ మనిషి సంగతి వేరేవాళ్లతో మాట్లాడటం. పెన్ను ఇంకొకరి ముందు పెట్టడం. తనకైతే 'నేనిక్కడే ఉన్నాను' అని గుర్తుచేసే మనిషి ఎదురైంది. ఆయనకి ఇన్నేళ్లలో అలా చెప్పినవాళ్లు ఎవరు? చెప్పాల్సిన మనిషి గరిటె పట్టుకుని నిలబడింది. ఆ ఆలోచన రాగానే ఏడుపు దానంతటదే ఆగిపోయింది.

సోమవారం పొద్దున్న ఆయన స్నానానికి వెళ్లాడు. అత్తగారు బల్ల దగ్గర కూర్చుని మాత్ర కోసం చెయ్యి చాచింది. ఆమె మాత్ర ఇవ్వలేదు. డబ్బా మొత్తం ఆవిడ ముందుకి జరిపి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అత్తయ్యా, ఒక మాట అడుగుతా. ఇవి మీ అంతట మీరు వేసుకోగలరా?"

అత్తగారు ఆమెని వింతగా చూసింది. తర్వాత డబ్బా దగ్గరికి లాక్కుని, మూత తీసి, తెల్లమాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. "పరగడుపున థైరాయిడ్‌ది, తర్వాత ఈ తెల్లది, తిన్నాక పొడుగుది, పడుకోబోయే ముందు కాల్షియంది. నాకేం, కళ్లు లేవా చేతులు లేవా?"

"మరి మీవల్ల కాదనేగా నన్ను..."

"నావల్ల కాదని నేనెప్పుడన్నానే? వాడన్నాడు." అత్తగారు మూత నొక్కి, పెదవి తుడుచుకుంది. "నన్నెవరడిగారు గనక?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తగారే ముందు చూపు తిప్పుకుని, బల్ల మీదున్న కొడుకు ఫోను వైపు గడ్డంతో సైగ చేసింది. ఆమె ఫోను తీసుకుని, వచ్చిన కాల్స్‌లో ఆస్పత్రి నంబరు వెతికి నొక్కింది. అవతల బట్టతలాయన గొంతు.

"నమస్తే సార్, చెప్పండి."

"సార్ కాదండీ, నేను. ఇంటర్వ్యూకి వచ్చానే, కుర్చీ తిప్పుకుని కూర్చున్నాను చూడండి, ఆవిడని."

"ఓ, మీరా! ఇంకా ఎవరినీ తీసుకోలేదు గానీ... మీవారు కుదరదన్నారు కదమ్మా?"

"అన్నారట. అది ఆయన మాట. నన్నెవరూ అడగలేదు."

"ఒక్క నిమిషం ఉండండి. మేడమ్‌కి ఇస్తాను."

అప్పుడే స్నానాలగది తలుపు తెరుచుకుంది. భర్త తల తుడుచుకుంటూ వచ్చి, ఆమె చెవి దగ్గర తన ఫోను చూసి, "ఎవరు? ఆస్పత్రివాళ్లా? నీకు మాట్లాడటం రాదు, ఇటివ్వు, నేను చెబుతా" అని చెయ్యి చాచాడు. అత్తగారు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె కుర్చీని మెల్లగా జరిపి, ఆయనకి వీపు వచ్చేలా తిప్పుకుంది.

"హలో?" అంది అవతల నెరిసిన జుట్టావిడ గొంతు. "ఎవరూ, వినపడుతోందా? ఉన్నారా?"

"ఉన్నాను మేడమ్" అంది ఆమె. "నేనిక్కడే ఉన్నాను."