తొమ్మిది పేర్లు

మధ్యాహ్నం భర్త విస్తట్లో రెండోసారి చేపల పులుసు పోస్తూ వెంకటశేషమ్మ ఆ మాట అనేసింది.

"పిచ్చమ్మక్కకు చూపు ఆనడం లేదంట. అయినా చూడండి, అభ్రకం రేకును పెదవికి తాకించి మందం ఎంతో చెప్పేస్తాది. కండ్లుండే పిల్లలకు కూడా రాదు ఆ పని."

పిచ్చమ్మను పొగుడుతున్నాననే అనుకుంది. మస్తానయ్య చెయ్యి విస్తట్లో ఆగింది.

"అట్నా," అన్నాడు. "ఇంకెవురికి ఉండాది అట్ట?" అని అడిగాడు.

ఆయన అడిగాడు. వెంకటశేషమ్మకు తీపిగా తగిలింది అదే. పెళ్ళయిన పదకొండేళ్ళలో మొదటి ఎనిమిదేళ్ళూ ఆయన ఆమెను అడిగినవన్నీ లెక్కకు నాలుగు మాటలు. అమ్మకు నీళ్ళు కాగినాయా, చొక్కా యాడ పెట్టినావు, ఇంకా కాలేదా వంట, ఎవురొచ్చింది వాకిట్లో. వాటికి జవాబు చెప్పకపోయినా పని జరిగిపోయేది. ఇప్పుడలా కాదు. అడిగి, ముద్ద చేత్తో పట్టుకుని, ఆమె నోటివంక చూస్తూ కూర్చుంటాడు. అలా చూస్తుంటే మనిషికి మాటలు వాటంతటవే ఊరుతాయి. షెడ్డులో పనిచేసే అంకాలమ్మ దగ్గుకు సాయంత్రమయ్యేసరికి పక్కటెముకలు పట్టేస్తున్నాయని చెప్పింది. కామమ్మకు కుడిచెయ్యి వణుకుతోందని, కత్తి ఎడమచేత్తో పట్టుకోవడం నేర్చుకుంటోందని చెప్పింది. ఎంగిలి చెయ్యి ఆరిపోయేదాకా ఆయన విన్నాడు.

మస్తానయ్య మొదట గూడూరులో ఒక అభ్రకం కంపెనీలో సూపర్‌వైజరు. గనుల నుంచి దిమ్మలుగా వచ్చిన అభ్రకాన్ని ఆడవాళ్ళు షెడ్డులో నేలమీద బారులుగా కూర్చుని, చిన్న కత్తితో అంచు పట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా రేకులు విడదీస్తారు. ఆ రేకులు మద్రాసు మీదుగా ఓడలెక్కి పోతాయి. నూట ఇరవై మంది ఆడవాళ్ళు. వాళ్ళకు వచ్చే ఇబ్బందులు మగవాడికి చెప్పుకునేవి కావు. అందుకని పందొమ్మిదివందల యాభైతొమ్మిదిలో యజమాని మస్తానయ్యను పిలిచి, "మీ ఇంట్లో చదువుకున్న మనిషి ఉండాది గదయ్యా, ఆ షెడ్డులో కూర్చుంటే బాగుంటాది," అన్నాడు. వెంకటశేషమ్మ మనుబోలు దగ్గర రైతు బిడ్డ, థర్డ్ ఫారం దాకా చదివింది. జీతం మాట ఎవరూ ఎత్తలేదు. ఒకసారి తనే ఎత్తితే అత్తగారు వక్క కత్తిరించడం ఆపి, "మొగుడి పనికి పెండ్లాం చెయ్యి సాయం పడితే దానికి కూలి కూడానా," అంది. మస్తానయ్య నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఆశపడినట్టు ఉంటుందని.

చీకటితో లేచి, అత్తగారికి నీళ్ళు పెట్టి, వంట చేసి, ఇద్దరు ఆడపిల్లలను బడికి తయారుచేసి ఎనిమిదికల్లా షెడ్డుకు పోయేది. మధ్యాహ్నం అన్నాలకు ఇంటికొచ్చి మళ్ళీ పోయి అయిదుకు తిరిగొచ్చేది. షెడ్డులో ఆమెకు కత్తి పట్టడం నేర్పింది పిచ్చమ్మ. యాభై దాటిన మనిషి. భర్త పోయి చాన్నాళ్ళయింది. ఆ కంపెనీ పెంకుల కప్పు వేయకముందు, తాటాకు పందిరి కింద నడిచినప్పటి నుంచీ ఉంది. "దిమ్మను బలవంతం చేయబాక తల్లీ. దానికే తెలుసు యాడ విడిపోవాలో. నువ్వు ఆ చోటు కనుక్కో, చాలు," అనేది.

ఆ ఏడాదే బీహారు సరుకు పోటీకి వచ్చింది. మన రేకు ఒకటి మందం, ఒకటి పల్చన అని మద్రాసు ఏజెంటు పెట్టెలు వెనక్కి పంపాడు. దానికి తోడు చేతిపనిలో ఆరితేరిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే రైలుగేటు అవతలి కంపెనీకి వెళ్ళిపోతున్నారు. యజమాని రోజూ మస్తానయ్యను నిలబెట్టి తిట్టేవాడు. ఆయన ఇంటికొచ్చి కంచం తోసేసేవాడు. అలా తోసేసిన ఒక మధ్యాహ్నం వెంకటశేషమ్మ మెల్లగా, "వాళ్ళు ఎందుకు పోతున్నారో నాకు తెలుసు," అంది.

మొదటిసారి ఆయన తలెత్తి చూశాడు.

పాలుతాగే బిడ్డలను పెట్టుకోవడానికి చోటు లేదని చెప్పింది. వెనక వసారాలో తాళ్ళ ఉయ్యాలలు కట్టించి ఒక ముసలామెను కూర్చోబెడితే చాలంది. బావి దగ్గర నీళ్ళ వంతు అయ్యేసరికి ఎనిమిది దాటుతుంది, అరగంట ఆలస్యంగా గేటు మూస్తే రోజుకూలి కోత ఉండదంది. కొత్తపిల్లలను విడిగా కాక ఒక్కొక్కరిని ఒక్కో పాతామె పక్కన కూర్చోబెట్టమంది. ఎవరి చెయ్యి ఎంత పల్చటి రేకుకు వాటమో కనిపెట్టి ఆ సరుకే వాళ్ళకు ఇవ్వమంది. ఆమె చెప్పినట్టల్లా ఆయన చేయించాడు. ఏడాది తిరక్కముందే పెట్టెలు వెనక్కి రావడం ఆగిపోయింది. రైలుగేటు అవతలికి పోయిన వాళ్ళు తిరిగొచ్చారు.

మద్రాసు ఏజెంటు వచ్చిన రోజున యజమాని ఇంట్లో విందు. పెసరట్లు పోయడానికి వెంకటశేషమ్మను పిలిపించారు. తలుపు ఇవతల పొయ్యి దగ్గర నుంచి ఆమె అంతా వింది. మస్తానయ్య తన స్కీము అని కాగితం చదువుతున్నాడు. ఉయ్యాలలు, నీళ్ళ వంతు, పాత చేతి పక్కన కొత్త చెయ్యి. అన్నీ తన మాటలే, వరుస కూడా మారలేదు. చదవడం అయ్యాక ఏజెంటు, "రాయి అందరికీ ఒకటేనండీ. మనుషులను సరిగ్గా వాడుకున్నవాడే మార్కెట్టులో నిలబడతాడు," అన్నాడు. మస్తానయ్యను మేనేజరును చేశారు. పొయ్యి సెగకు కళ్ళు నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ, ఆమె ఆ పూట సంతోషపడింది. తన మాట తలుపు దాటి అంత దూరం పోయినందుకు.

అప్పటి నుంచీ అన్నం దగ్గర ఆ అడగడం, ఈ చెప్పడం అలవాటైపోయింది. అరవైరెండు వేసవిలో ఒక రోజు పిచ్చమ్మ రేకును పెదవికి తాకించడం వెంకటశేషమ్మ చూసింది. ఎందుకక్కా అంటే, పిచ్చమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"చూపు ఆనడంలేదు తల్లీ, రెండేండ్లుగా. పెదవి చెప్తాది నాకు. ఎవురికీ చెప్పబాక."

"చెప్పను అక్కా," అంది వెంకటశేషమ్మ.

రెండో రోజు మధ్యాహ్నమే పులుసు పోస్తూ చెప్పింది.

పదిహేను రోజులకు మస్తానయ్య ఒక కాగితం తెచ్చి, "సాపు రాసిపెట్టు, యజమాని సంతకం చేయాల," అన్నాడు. ఆయన రాత కోడి గీరినట్టుంటుంది. కంపెనీ కాగితాలన్నీ చాలాకాలంగా ఆమే రాస్తోంది. కొత్తపిల్లల చేతులు కుదిరాయి, ఇక శక్తి తగ్గిన వాళ్ళను నిలిపివేయడం కంపెనీకి లాభం అని పైన నాలుగు వరుసలు. కింద తొమ్మిది పేర్లు, ప్రతి పేరు పక్కన కారణం. మొదటి పేరు పిచ్చమ్మది. చూపు లేదు. అంకాలమ్మ, దగ్గు. కామమ్మ, చేతి వణుకు. తొమ్మిదికి తొమ్మిదీ తను అన్నం దగ్గర చెప్పినవే.

"ఇదేంది," అంది.

"ఏజెంటు మాట అది. చేతులు చురుగ్గా ఉండాలంట. నేనేం జేస్తాను. పాళీ మార్చుకో, ఇంకు పారతాంది."

ఆమె పాళీ మార్చుకుంది.

తర్వాత ఎన్ని సార్లు తలుచుకున్నా వెంకటశేషమ్మ అక్కడికే వచ్చి ఆగేది. వద్దని అనలేదు. ఏడవనైనా ఏడవలేదు. పిచ్చమ్మ పేరు రాస్తూ, చ కింద వత్తు కొద్దిగా వంకర పోతే, పొద్దు వంగుతుందని తెలిసీ, వేరే కాగితం తీసుకుని మొదటి నుంచి రాసింది. ఎవరు చెప్పారు ఆమెకు ఆ పని చేయమని? యజమాని సంతకం పెడుతూ, దస్తూరి ముత్యాలకోవలాగుందే అన్నాడని భర్త వచ్చి చెబితే, ఒక్క క్షణం, రెప్పపాటు, ఆమె మనసు పొంగింది కూడా. ఆ పొంగును గుర్తు చేసుకున్నప్పుడల్లా తన ఒంట్లోంచి తను లేచి పోవాలనిపించేది.

ఆ పేర్లు షెడ్డులో చదవాల్సింది కూడా ఆమేనన్నారు. "ఆడదాని నోటితో చెప్తే గొడవుండదు," అన్నాడట యజమాని. సోమవారం పొద్దున్న షెడ్డు మధ్యన నిలబడి చదివింది. పేర్లు చదివింది కానీ కారణాలు చదవలేదు. కత్తుల చప్పుడు ఆగిపోయింది. అంకాలమ్మ శాపనార్థాలు పెట్టింది. పిచ్చమ్మ కత్తిని తన చీర కొంగుకు తుడిచి, కొత్తపిల్ల కరుణాకుమారి చేతిలో పెట్టింది. తడుముకుంటూ లేచి వెంకటశేషమ్మ దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుంది.

"చేతులు అంత చల్లంగా ఉండాయేంది తల్లీ. పైనోళ్ళు రాసింది నువ్వు చదివినావు. నీ తప్పేముంది ఇందులో."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ చెయ్యి ఇంకా తన చేతిలో ఉండగానే. వెంకటశేషమ్మ నోరు తెరవలేదు. తప్పు లేదన్న ఆ మాటను, దాహానికి ఇచ్చిన నీళ్ళు తాగినట్టు తాగేసింది.

తర్వాత నెలరోజులు ఆమెకు అన్నం మట్టిలా ఉండేది. షెడ్డులో ఆడవాళ్ళు ఆమె వస్తే మాటలు మార్చేవాళ్ళు, లేకపోతే ఆమెకే అలా అనిపించేది. భర్త మామూలుగానే అడిగేవాడు. "ఏంది విశేషాలు?" ఏం లేవు అనేది. "ఉయ్యాల్లో బిడ్డలు ఎక్కువయినారు, మళ్ళీ ఎవురెవురు నీళ్ళోసుకున్నారో కనుక్కో," అన్నాడొకసారి, మజ్జిగన్నం కలుపుకుంటూ. ఆ ఉయ్యాలలు కట్టించమన్నది తనే. ఆమెకు మజ్జిగ గిన్నె చేతిలో బరువెక్కింది.

తొమ్మండుగురూ కలిసి అర్జీ పెట్టుకున్నారు. యూనియన్ కామాక్షయ్య రాయించాడు. విచారణకు నెల్లూరు నుంచి లేబరు ఆఫీసరు వచ్చి ట్రావెలర్స్ బంగళాలో దిగాడు. విచారణకు ముందురోజు సాయంత్రం దొడ్లో బట్టలు తీస్తుంటే మస్తానయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎప్పుడూ లేనిది రెండు చీరలు తీసి ఆమె భుజాన వేశాడు కూడా.

"వాళ్ళకై వాళ్ళే చేతగాదని మానుకున్నారని చెప్పు. మాతోనే చెప్పుకున్నారని చెప్పు. నీ మాటయితే నమ్ముతాడు." ఆమె బట్టలు తీస్తూనే ఉంటే, "నా ఉద్యోగం పోతాది మే," అన్నాడు మెల్లగా. అందులో బెదిరింపేమీ లేదు. నిజంగానే భయపడుతున్నాడు. ఇద్దరాడపిల్లలు, ముసలి తల్లి. ఆ భయం ఆమెకూ ఉంది.

బంగళా వసారాలో తొమ్మండుగురూ నేలమీద కూర్చుని ఉన్నారు. గది తలుపులు తీసే ఉన్నాయి, లోపలి మాట బయటికి వినబడుతుంది. వెంకటశేషమ్మ లోపలికి పోయి నిలబడగానే ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని, "మీ ఉద్యోగం ఏమిటమ్మా కంపెనీలో?" అని అడిగాడు.

"లేడీ సూపర్‌వైజరండీ," అన్నాడు వెనక నుంచి మస్తానయ్య.

ఆఫీసరు రిజిస్టరు తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. "ఈమె పేరు ఎక్కడా లేదే."

"మా ఆడమనిషే సార్. ఊరకనే, సాయానికి వస్తాంది."

వెంకటశేషమ్మకు ముఖం కాలిపోయింది. మూడేళ్ళు. మానేస్తానని చెప్పడానికి కూడా లేదు. మానేయడానికి ఒక పేరైనా రాసి ఉండాలి గదా.

"మూడేండ్లుగా రోజూ పోతాండాను సార్," అంది. "నా పని ఏందంటే, ఎవురి బిడ్డకు జొరమో, ఎవురికి నెల తప్పిందో, ఎవురికి దగ్గో, పక్కన కూర్చోని మంచిగా కనుక్కోవడం. ఇంటికి పోయి అన్నం పెడతా చెప్పడం. ఆ తొమ్మిది పేర్లూ నేను చెప్పినవే. సాపు రాసింది కూడా నేనే. వాళ్ళెవురూ మానుకోలేదు. పిచ్చమ్మ చూపు సంగతి నాకు తప్ప ఎవురికీ తెలవదు. చెప్పబాకమంటే చెప్పనన్నాను. చెప్పినాను."

ఆఫీసరు రాసుకోవడం మొదలుపెట్టాడు. వెనక కుర్చీ జరిగిన చప్పుడు, మస్తానయ్య చెప్పులు మెట్లు దిగిపోయిన చప్పుడు వినబడ్డాయి.

తీర్పు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆరుగురిని తిరిగి తీసుకున్నారు. చూపు లేదని డాక్టరు రాసి ఇచ్చినందుకు పిచ్చమ్మను తీసుకోలేదు. మస్తానయ్యను మళ్ళీ సూపర్‌వైజరుకు దించారు. ఆయన చాలాకాలం భార్యతో మాట్లాడలేదు. మాట్లాడడం మొదలుపెట్టాక కూడా షెడ్డు సంగతులు అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు.

కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దు సంతకం పెట్టి బయటికి వచ్చేసరికి అంకాలమ్మ ముఖం తిప్పుకుంది. పిచ్చమ్మ మాత్రం గుంజ పట్టుకుని లేచి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మనిషి ఎక్కడుందో వెతుక్కుని వెంకటశేషమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"చెప్పినావు, సరే. నోరు జారతాది ఎవురికైనా," అంది. "ఆ పొద్దు నీ చెయ్యి పట్టుకోని నీ తప్పేం లేదన్నాను గదా. ఊరకుండినావే తల్లీ."

"ఊరకుండినాను అక్కా," అంది వెంకటశేషమ్మ.

క్షమించమని అడగలేదు. తల వంచుకోనూ లేదు. పిచ్చమ్మ తనను ఎంతసేపు చూడాలనుకుంటే అంతసేపు చూడనిస్తూ, ఆ ఎండలో అలాగే నిలబడింది.