చెప్పకుండా తిరిగిన మలుపు

దుమజిలే అత్త నోరు మూసుకుని కూర్చోవడం ఖుంబులాని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తమ ఊరు నోంగోమాలో బండెక్కింది మొదలు, మర్నాడు మధ్యాహ్నం వన్యమృగాల పార్కు గేటు చేరేదాకా ఆమె వాగుతూనే ఉంది. పొంగోలా దగ్గర చెరకు తోటల్ని చూసి వాటి యజమానుల్ని ఏడు తరాలు వెనక్కి వెళ్ళి తిట్టింది. పెట్రోలు బంకులో మొక్కజొన్న కంకులమ్మే పిల్ల జడలు ఎవరల్లారో గానీ వాళ్ళ చేతులు విరగ్గొట్టాలంది. మధ్యమధ్యలో వెనక సీట్లోంచి ముందుకు వంగి మేనల్లుడి బుజం పొడిచేది.

"ఇట్లా నడిపితే పోయిన మీ అన్న ముజిగాడు మనకంటే ముందే నడుచుకుంటూ ఇంటికి చేరతాడు. కాస్త తొక్కరా!"

"కాసేపు పడుకోకూడదా అత్తా?"

"వచ్చేటప్పుడు ఎట్లాగూ మాట్లాడకూడదు కదా. ఉన్న మాటలన్నీ ఇప్పుడే ఖర్చు పెట్టేస్తున్నా. నీకేంటి నొప్పి?"

ఆమె ఒళ్ళో తెల్లగుడ్డ చుట్టిన రేగు కొమ్మ ఉంది. వాళ్ళ పశువుల దొడ్డి పక్కన చెట్టు నుంచి కోసుకొచ్చింది. జూలూల ఇళ్ళలో ఎవరైనా ఊరుగాని ఊళ్ళో పోతే, శవాన్ని తెచ్చి పాతిపెట్టినంత మాత్రాన మనిషి ఇంటికి వచ్చినట్టు కాదు. పోయిన చోటికి కొమ్మ పట్టుకుని వెళ్ళాలి. పేరు పెట్టి, వంశం పేరు పెట్టి పిలవాలి. అతను కొమ్మ మీదికి వచ్చాక ఇల్లు చేరేదాకా పట్టుకున్నవాళ్ళు బతికున్న మనిషితో ఒక్క మాట మాట్లాడకూడదు. పోయినవాడితో మాత్రం మాట్లాడుతూ ఉండాలి. ఏరు దాటుతున్నాం, ఇక్కడ ఆగుతున్నాం, ఇటు తిరుగుతున్నాం అని ప్రతిదీ చెప్పాలి. చెప్పకుండా తిరిగితే అతను ఆ మలుపులోనే నిలబడిపోతాడు.

ఈ పని ఏడాది కిందటే జరగాల్సింది. ఖుంబులానే ఏదో ఒక వంక పెట్టి వాయిదా వేస్తూ వచ్చాడు. సెలవు దొరకలేదన్నాడు, బండి బాగాలేదన్నాడు. చివరికి ఈ చలికాలం మొదట్లో వాళ్ళమ్మకు కలలు మొదలయ్యాయి. ముజివాకే, ఆమె పెద్ద కొడుకు, వాకిట్లో నిలబడి తలుపు తియ్యమంటున్నాడట. రోజూ అదే కల, అదే మాట. ఆమె రాత్రిళ్ళు ఇంటి తలుపు బార్లా తెరిచి పడుకోవడం మొదలుపెట్టింది. చలిగాలికి దగ్గు పట్టుకుని మంచం ఎక్కింది. "తలుపు తీసే ఉంచానురా నాయనా, అయినా లోపలికి రాడు," అని చిన్నకొడుకుతో చెప్పి ఏడ్చింది. అన్న తియ్యమంటున్నది ఏ తలుపో ఈ భూమ్మీద ఖుంబులాని ఒక్కడికే తెలుసు.

పార్కు గేటు దగ్గర పుస్తకంలో పేర్లు రాసుకునే గుమాస్తాతో అత్త, "వెళ్ళేది ఇద్దరం, వచ్చేది ముగ్గురం, రాసుకో," అంది. అతను ఒళ్ళోని కొమ్మ చూసి, కలం పక్కన పెట్టి, తల వంచాడు.

పార్కులో ఎవరి బండి వాళ్ళే నడుపుకుంటూ తిరగొచ్చు గానీ బండి దిగకూడదు. ముజి పోయిన చోట దింపడానికి మలులేకే అనే రేంజరు తుపాకీతో తన జీపులో ముందు సాగాడు. ఎండిపోయిన ఏటి ఒడ్డున మట్టిరోడ్డు పక్కన ఆగి, చుట్టూ ఒకసారి చూశాడు.

"దిగండమ్మా. పది నిమిషాలు. నేను చూస్తుంటాను."

చూస్తుంటాను అన్న మాటకి ఖుంబులాని గుండె కలుక్కుమంది. అతను దిగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇదే బండి, పైన మడతపెట్టిన గుడారం కూడా అదే. ప్రతి చలికాలం, జూలై నెలలో, అన్నదమ్ములిద్దరూ ఇందులోనే వచ్చి, క్యాంపు నుంచి క్యాంపుకి తిరుగుతూ వారం రోజులు గడిపేవాళ్ళు. అన్న పోయాక దీన్ని అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు.

అత్త చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, కొమ్మను నేల మీద ఆనించి, పేరూ వంశం పేర్లూ పెట్టి పిలిచింది.

"ముజివాకే! మంజినీ! గ్వబినీ! నేను మీ మేనత్తని. చలేస్తోంది కదరా ఇక్కడ? మీ అమ్మ నీ కోసం దగ్గి దగ్గి చచ్చిపోయేలా ఉంది. లే నాయనా, ఇంటికి పోదాం. మీ తమ్ముడు బండి తెచ్చాడు."

గాలి లేదు. మోపనే చెట్ల ఆకు కదల్లేదు. అత్త చాలాసేపు అలాగే ఉండి, కొమ్మని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని, గుడ్డ చుట్టి, వచ్చి వెనక ఎడమ పక్క సీట్లో కూర్చుంది. "వచ్చాడా అత్తా?" అని ఖుంబులాని అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. పెదాలు బిగించి కిటికీలోంచి చూస్తోంది. రెండు రోజులుగా మోగిన నోరు ఒక్కసారి ఆగిపోతే బండిలో ఎంత నిశ్శబ్దం పరుచుకుందంటే, తన ఊపిరి తనకే వినిపించింది. అన్న వచ్చేశాడు. తన వీపు వెనకే కూర్చున్నాడు.

రేంజరు సెలవు తీసుకుని తన దారిన పోయాడు. రాత్రికి బస చెయ్యాల్సిన క్యాంపు అక్కడికి నలభై కిలోమీటర్లు. ఐదున్నరకు దాని గేటు మూస్తారు. మొదటి మలుపులో అత్త నెమ్మదిగా, "ముజీ, ఎడమకి తిరుగుతున్నాం," అంది. ఏటి ఒడ్డున, "ఏరు దాటుతున్నాం, నీళ్ళు లేవులే," అంది. ఖుంబులానికి అద్దంలో వెనక్కి చూడటానికి ధైర్యం చాలలేదు.

కాసేపటికి వెనక మాటలు ఆగిపోయాయి. రెండు రోజుల అలసట, డెబ్భై ఏళ్ళ ఒళ్ళు. అత్త కొమ్మని గుండెకు హత్తుకుని నిద్రలోకి జారిపోయింది.

సరిగ్గా అప్పుడే రోడ్డుకి అడ్డంగా ఏనుగులు వచ్చాయి. పిల్లలతో ఉన్న మంద. పెద్దది చెవులు విప్పి, తొండమెత్తి, బండి వైపు నాలుగడుగులు వేసింది. ఖుంబులానికి పైప్రాణాలు పైనే పోయాయి. బండిని గబగబా వెనక్కి లాగాడు. రెండు దారులు కలిసే చోట స్టీరింగు కుడికి కోసి, దుమ్ము రేపుకుంటూ చుట్టుదారిలో పడ్డాడు. వెనక్కి తిరిగి చూడకుండా గేటు మూసే వేళకి క్యాంపులో వచ్చి పడ్డాడు. బండి ఆగిన కుదుపుకి అత్త కళ్ళు తెరిచింది. ఒళ్ళోని కొమ్మని చూసింది. చేత్తో ఎత్తి పట్టుకుని తూచినట్టు చూసింది.

"ఎటు తిప్పావురా?"

"నన్నేనా అత్తా?" అన్నాడు. "నువ్వు... నాతో మాట్లాడకూడదు కదా?"

"నీతో కాక ఎవరితో మాట్లాడను? ఇందులో ఎవరున్నారు గనక?"

ఏనుగుల సంగతి చెప్పాడు. మలుపు సంగతి చెప్పాడు. అత్త తిడుతుందనుకున్నాడు గానీ ఆమె తిట్టలేదు.

"తప్పు నీ ఒక్కడిదే కాదులే, ముసల్దాన్ని నిద్రపోయాను. పొద్దున్నే గేటు తియ్యగానే వెనక్కి పోదాం. పాపం, ఒంటరిగా నిలబడి ఉంటాడు, మన దారి చూస్తూ."

పక్క గుడారాలవాళ్ళు మంటల మీద మాంసం కాల్చుకుంటూ నవ్వుకుంటున్నారు. అత్త ఇద్దరికీ పిండి కెలికి ముద్ద పెట్టింది. ఖుంబులాని ముద్ద పక్కన పెట్టేశాడు. అన్న ఆ మలుపులో దుమ్ములో నిలబడి, వెళ్ళిపోతున్న బండిని చూస్తూ ఉన్నట్టు కళ్ళకు కడుతోంది. అన్నని అలా బయట వదిలెయ్యడం ఇది రెండోసారి.

ఆరు గంటలకు గేటు తీశారు. మలుపు చేరేసరికి ఎండ ఇంకా చెట్ల మీదికి ఎక్కలేదు. ఏనుగులు లేవు. విరిగిన కొమ్మలూ, లద్దె కుప్పలూ ఉన్నాయి. రేంజరు లేడు కాబట్టి దిగడానికి లేదు. అత్త కిటికీ అద్దం దించి, కొమ్మని బయటికి చాపి పిలిచింది. వంశం పేర్లన్నీ వరసగా చదివింది. బతిమాలింది, బుజ్జగించింది, చివరికి కసురుకుంది కూడా. చెయ్యి నొప్పెట్టి కొమ్మని రెండో చేతికి మార్చుకుంది.

"రావట్లేదురా," అంది నీరసంగా. "పదడుగుల దూరంలోనే ఉన్నాడు, నాకు తెలుస్తూనే ఉంది. బండి దగ్గరికి మాత్రం రాడు. ఈ బండంటే ఏదో ఉంది వాడికి. నువ్వు పిలువు. నీకంటే దగ్గరివాళ్ళెవరున్నారు వాడికి?"

"నేను పిలిస్తే రాడత్తా."

"ఎందుకు రాడు?"

ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు బయటికి వచ్చింది. ఖుంబులాని అత్త వైపు చూడలేదు. కిటికీలోంచి, ఎవరూ లేని రోడ్డు వైపు చూస్తూ మాట్లాడాడు.

"అన్నా, నువ్వు టైరు మారుస్తూ నన్ను చుట్టూ చూస్తుండమన్నావు. నేను చూడలేదు. ఫోనులో పొద్దున తీసిన చిరుత ఫొటోలు చూసుకుంటూ కూర్చున్నా. తలెత్తేసరికి ఆడసింహం గడ్డిలోంచి వచ్చేసింది. నాకు భయమేసి తాళం నొక్కేశాను. నాలుగు తలుపులకీ ఒకేసారి పడే తాళం. నువ్వు పరిగెత్తుకొచ్చి వెనక తలుపు రెండుసార్లు లాగావు. అద్దంలోంచి నన్ను చూశావు. అప్పుడైనా తియ్యొచ్చు. నా వేలు బొత్తం మీదే ఉంది అన్నా. తియ్యలేదు. తీస్తే అది లోపలికొస్తుందేమోనని తియ్యలేదు. తర్వాత అందరికీ, అమ్మకి కూడా, నువ్వు తలుపుదాకా రాలేకపోయావని చెప్పాను. వచ్చావు. నువ్వు వచ్చావు."

అక్కడితో అతనికి మాటలు అయిపోయాయి. తల స్టీరింగుకి ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ముజిని చిన్నప్పుడు చేతులారా పెంచింది దుమజిలే అత్తే. ఇప్పుడు ఆ చేత్తోనే తన జుట్టు పట్టుకుంటుందనీ, దుమ్మెత్తి పోస్తుందనీ, నువ్వు మా వంశంలో చెడపుట్టావురా అంటుందనీ కాచుకున్నాడు. వెనక చప్పుడు లేదు. గుడ్డ చుడుతున్న సవ్వడి మాత్రం వినిపించింది.

"తిట్టత్తా," అన్నాడు. "ఏదో ఒకటి అను. చంపెయ్, పోనీ."

అత్త పలకలేదు. అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆమె కొమ్మని రెండు చేతులా పొదివి పట్టుకుని ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారి గడ్డం మీంచి గుడ్డ మీద పడుతున్నాయి. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. పెదాలు మాత్రం బిగించే ఉన్నాయి. ఎందుకు బిగించిందో అర్థమయ్యేసరికి ఖుంబులాని ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

అత్త ముందుకు వంగి, కొమ్మని అతని పక్కన ఖాళీగా ఉన్న ముందు సీట్లో పడుకోబెట్టింది. బెల్టు లాగి దానికి పెట్టింది. మేనల్లుడి మొహం వంక చూడకుండా, కొమ్మతో మాట్లాడింది.

"ముజీ, ఇక్కడ కూర్చో నాయనా, మీ తమ్ముడి పక్కన. ఇంటికి పోతున్నాం. ఈ మాట వాడు మీ అమ్మకి చెప్పాలి. వాకిట్లో అడుగు పెట్టగానే, నీళ్ళు తాగకముందే చెప్పాలి. వాడు చెప్పేదాకా నువ్వు వాడి పక్కనుంచి కదలొద్దు."

ఖుంబులాని బండి స్టార్టు చేశాడు. ఎడం పక్క నుంచి చల్లటి గాలి మోచేతికి తగులుతోంది, కిటికీ అద్దం ఎత్తే ఉన్నా. అమ్మ మంచం మీద లేచి కూర్చుని, గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. నోంగోమా అక్కడికి ఏడువందల కిలోమీటర్లు. వచ్చేటప్పుడు ఎంతకీ తరగలేదనుకున్న దారి, ఇప్పుడు ఏ మూలకీ చాలదనిపించింది.