మేకుకు వేలాడిన తోలు బెల్టు

నేను ఒక కుట్టుమిషన్ని. కాలితో తొక్కే పాతకాలపు మిషన్ని. ఆత్మకథ చెప్పుకునేవాళ్లు సాధారణంగా తమ ఘనకార్యాలతో మొదలుపెడతారు. నాకూ కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ చేసిన తప్పు దాచిపెట్టి ఘనకార్యాలు చెప్పుకుంటే అది సొంత డబ్బా అవుతుంది. అందుకని ముందే ఒప్పేసుకుంటున్నాను. నిక్షేపంలాంటి ఒక పెద్దావిడ కాళ్లు చచ్చుబడటానికి నేను కారణమయ్యాను. ఒక్కదాన్నే కాదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఇంకొందరికీ ఇందులో వాటా ఉంది. అయితే వాళ్లు ప్రేమకొద్దీ చేశారు. నేను ఆశకొద్దీ చేశాను.

నా తల లూధియానాలో పుట్టింది. కాళ్లు ఇంకెక్కడో పోతపోశారు. రెంటినీ వేరువేరుగా రైలెక్కించి, తెనాలిలో ఒక కొట్లో కలిపి బిగించారు. రేపల్లెలో ఉండే ఒక బ్యాంకు ఉద్యోగి, భార్య కుట్టు నేర్చుకుంటానందని నన్ను కొన్నాడు. ఆమె ఒక తలగడ గలీబు సగం వరకు కుట్టి, నా మీద పూలగుడ్డ కప్పింది. గుడ్డ మీద రేడియో, రేడియో మీద ఇంకో చిన్న గుడ్డ, దాని మీద గాజు నెమలి. తొమ్మిదేళ్లు అలా బల్లలా బతికాను. వాళ్లకి బదిలీ అయినప్పుడు లారీలో చోటు చాల్లేదు. గాజు నెమలిని ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లారు గానీ, నన్ను మాత్రం పక్కవీధి రాహేలమ్మకి అప్పగించి పోయారు.

అప్పటికి రాహేలమ్మకి నలభై ఏళ్లు. భర్త పోయి రెండేళ్లయింది. కొడుకు జయపాల్ ఎలిమెంటరీ బడిలో ఉన్నాడు. ఆమె నన్ను తుడిచి, తిరిగే చోటల్లా రెండేసి చుక్కల నూనె వేసి, పాదాలు రెండూ నా పెడలు మీద ఆనించింది. కుడిపాదం కాస్త ముందుకి, ఎడమది వెనక్కి. ఆ రోజు నేను నిజంగా పుట్టాను.

ఆ తరవాత ముప్పై నాలుగేళ్లు మేమిద్దరం ఆగలేదు. లంగాలు, గలీబులు, బడి పిల్లల నిక్కర్లు, క్రిస్మస్‌కి పేటలో ఆడపిల్లలందరి గౌన్లు. నా బల్ల కింద నుంచి ఆమె కాళ్లు నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. డెబ్బై దాటినా ఆ పిక్కలు గట్టిగా ఉండేవి. ఆదివారం గుడికి నడిచే వెళ్లేది. వీధి కుళాయి నుంచి రెండు బిందెలు తానే తెచ్చుకునేది.

అన్నిటికంటే మాకు పేరు తెచ్చినవి జుబ్బాలు. పసిబిడ్డ ఒంటి మీద మొదట కొత్తబట్ట వెయ్యకూడదని పేటలో అందరికీ పట్టింపు. బాగా బతికిన పెద్దావిడ కట్టి విడిచిన మెత్తటి నూలుచీర తెచ్చి, దానితో జుబ్బాలు కుట్టించి తొడుగుతారు. ఆ చీర ఆయుష్షు బిడ్డకి వస్తుందని నమ్మకం. మా వీధి చివర ఉండే సామ్రాజ్యం, పెద్దకూతురికి కొడుకు పుట్టినప్పుడు చీర తేకుండా వట్టి చేతులతో వచ్చింది.

"పిన్నీ, నీ పాతచీర ఒకటియ్యి. నీ ఆయుష్షు, నీ ఓపిక, నీ కాళ్లూ మా మనవడికి రావాల," అంది.

రాహేలమ్మ ఆ వారమంతా ఆ మాట కనపడ్డవాళ్లందరికీ చెప్పింది. కూరగాయల బండివాడికి రెండుసార్లు చెప్పింది.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. ఎదురుగా కొత్త టైలరు కొట్టు వెలిసింది. వాళ్ల మిషనుకి కరెంటు మోటారు ఉంది. పొద్దున్నుంచి బుర్రుమని ఒకటే పరుగు. నేను టకటకమని నాలుగు అంగుళాలు కుట్టేలోపు అది నాలుగు గజాలు కుట్టేసేది. నాకు కన్నుకుట్టింది. ఇన్నేళ్లు చాకిరీ చేశాను, నాకు మాత్రం మోటారు ఎందుకుండకూడదు అనిపించింది.

ఆ వానాకాలం నా ఇరుసు దగ్గర కాస్త తుప్పు పట్టింది. రాహేలమ్మ నూనె వేసింది. రెండు చుక్కలు నాకు చాలు, తేలిగ్గా తిరగగలను. తిరగలేదు. కావాలనే బిగదీసుకున్నాను. ఆమె పాపం ఇంకాస్త గట్టిగా తొక్కింది. నేను ఇంకాస్త బిగుసుకున్నాను. మూడోరోజు ఆమె కాళ్లు చాపుకుని, "అబ్బా, పిక్కలు పీకుతున్నాయి ఇయ్యాళ" అంది. తనలో తనే అనుకుంది. కానీ పక్కగదిలో ఉన్న జయపాల్ చెవిన పడింది.

జయపాల్ ఇప్పుడు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. తల్లంటే ప్రాణం. తల్లి పుట్టినరోజుకి మోటారు తెచ్చి తన చేతులతోనే బిగించాడు. నా పెద్దచక్రాన్నీ చేతిచక్రాన్నీ కలిపే తోలు బెల్టు ఊడదీసి, క్యాలెండరు పక్కన మేకుకి తగిలించాడు.

"నా కాళ్లకేం రోగంరా?" అంది రాహేలమ్మ.

"రోగం రాకూడదనే అమ్మా," అన్నాడు.

కాలి బొటనవేలితో నొక్కితే చాలు, నేను పరుగెత్తేదాన్ని. ఎంత సంబరపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. రెండురోజుల పని ఒక పూటలో అయిపోయేది. మిగిలిన పొద్దంతా రాహేలమ్మ ఏం చెయ్యాలి? కూర్చుంది. మోటారు తెచ్చినందుకు కొడుకుని అందరూ మెచ్చుకున్నారు. దాంతో ఇంట్లో ప్రేమ ఇంకా పెరిగింది. కోడలు విమల బిందెలు ముట్టుకోనివ్వలేదు. గుడికి ఆటో వచ్చి గుమ్మంలో ఆగేది. కింద కూర్చుంటే లేవలేదని ఎత్తుపీట వచ్చింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండల సంగతి నాకు తెలియదు. పిక్కలు కరగడం మాత్రం బల్ల కింద నుంచి రోజూ చూశాను.

ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు పీట మీద నుంచి లేవబోతూ నా అంచు పట్టుకుంది. మోకాళ్లు నిలవలేదు. నా పక్కనే కూలబడింది. అప్పుడు ఆమె పాదం తగిలింది నా పాత పెడలుకే.

ఎక్సరే తీశారు. "ఎముక బానే ఉంది. కండే లేదు. రోజూ నడిపించండి," అని డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాట ఆసుపత్రిలో ఒకలా బయలుదేరి ఇంటికొచ్చేసరికి, "జాగ్రత్తగా చూసుకోండి" అని మారిపోయింది. నా పక్కనే మంచం వేశారు. పళ్లెం మంచం దగ్గరికే వచ్చేది. నాలుగు నెలలు ఆమె దాదాపు ఆ మంచం దిగలేదు. కుడుతూ పాడుకునే పాటలు మానేసింది. ఎవరన్నా పలకరిస్తే, "ఇంకేముందిలే, అయిపోయింది" అనేది. నోరుంటే ఆ రోజే చెప్పేదాన్ని. అమ్మా, నీ కాళ్లు అరిగిపోలేదు, నేనే నాటకమాడాను, నీ కాళ్లని నమ్ముకో అని. ఇనుముకి నోరు లేకపోవడం ఒక్కోసారి చాలా పెద్ద శిక్ష.

ఆ రోజుల్లోనే సామ్రాజ్యం పెద్దకూతురికి రెండో కాన్పయింది, ఆడపిల్ల. ఆ సంగతి తెలిసి రాహేలమ్మ ముందే నూలుచీర ఒకటి ఉతికించి, మడతపెట్టి తలగడ పక్కన ఉంచుకుంది. ఎవరూ అడక్కుండానే. సామ్రాజ్యం బత్తాయిలు తీసుకుని వచ్చింది. మంచం మీద మనిషిని చూసింది. కాసేపు వానల గురించి మాట్లాడింది.

"చీర ఉతికించి ఉంచానే. తీసుకుపో," అంది రాహేలమ్మ.

సామ్రాజ్యం బత్తాయిల సంచి సర్దింది. "ఎందుకులే పిన్నీ, నీకు శ్రమ. ఈసారికి మా వియ్యపురాలు వాళ్లమ్మ చీర తెచ్చింది," అంది.

చెడ్డమనిషి కాదు సామ్రాజ్యం. మనవరాలి కాళ్ల కోసం భయపడింది, అంతే. ఆమె వెళ్లిపోయాక రాహేలమ్మ చీరని ఒళ్లో పెట్టుకుని, విప్పి, మళ్లీ అదే మడతల్లో మడిచింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలికగా ఉండేది.

జయపాల్ డ్యూటీ నుంచి రాగానే, "ఒరే, ఆ మోటారు పీకెయ్," అంది.

"నీకేమన్నా మతిపోయిందా అమ్మా? మళ్లీ పడతావు!"

"పడతా. పడుకుని పోయేదానికంటే అదే నయం. ఇంతకాలం నన్ను చూసుకున్నావు గదా, ఇప్పుడు కాసేపు చూడకుండా ఉండు."

జయపాల్ బయటికి వెళ్లిపోయాడు. లేచింది విమల. మేకు మీది బెల్టు తీసింది. అది ఎండి బిర్రబిగిసిపోయింది. నూనె రాసి, వేళ్లతో నలిపి, మెత్తబరచి, చక్రాల మీదికి ఎక్కించింది. తెల్లారి జయపాల్ తానే స్క్రూలు విప్పి మోటారు ఊడదీశాడు. గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశాడు. నా అంత కాకపోయినా అతనికీ లోపల ఏదో గుచ్చుకుంటోందని అర్థమైంది.

"దారం ఎక్కించకే, ఊరికే తొక్కుతా," అంది రాహేలమ్మ. విమల వెనక నిలబడి భుజాలు పట్టుకుంది. ముప్పై నాలుగేళ్లు తొక్కిన పాదాలు ఆ రోజు తడబడ్డాయి. చక్రం వెనక్కి తిరిగింది. నేర్చుకునే పిల్లలకి తిరిగినట్టు తిరిగింది. ఆమె నవ్వింది. నాలుగు నెలల తరవాత మొదటిసారి. నేను ఒంట్లో ఉన్న నూనెంతా పిండుకుని తేలికయ్యాను. పన్నెండుసార్లు తొక్కి ఆయాసపడింది. మర్నాడు ఇరవై. పదిహేను రోజులకి ఒక పాట పూర్తయ్యేదాకా తొక్కేది. ఆ తరవాత గడపదాకా నడక, గేటుదాకా నడక, పడకుండా విమల పక్కన. దారం లేని మిషను తొక్కుతుంటే వీధిలోవాళ్లు గుమ్మంలోంచి చూసి, "ముసలమ్మకి దసరా పండగ" అని ఎగతాళి చేశారు.

"దసరా కాదే, క్రిస్మస్!" అని లోపల్నుంచి రాహేలమ్మ కేకేసింది.

క్రిస్మస్‌కి నిజంగానే గుడికి నడిచి వెళ్లింది. చేతికర్ర ఉంది, దారిలో రెండుచోట్ల కూర్చుంది. మునుపటి నడక మాత్రం రాలేదు. ఇక రాదు కూడా. ఆ పోయిన కాస్త నడకా నావల్లే పోయింది. ఆమె ఎడమకాలు కొద్దిగా ఈడ్చినప్పుడల్లా నాకు ఆ వానాకాలం గుర్తొస్తుంది.

సామ్రాజ్యం వద్దన్న చీర ఏమైందంటారా? కాళ్లు కుదురుకున్నాక మేం మొదట కుట్టింది దాన్నే. పదకొండు జుబ్బాలు వచ్చాయి. సర్కారు ఆసుపత్రిలో కాన్పై, పాతచీర తెచ్చే దిక్కులేని బిడ్డల కోసం విమల తీసుకెళ్లి ఇచ్చింది. తరవాత మిగిలిన పాతచీరలూ ఒక్కొక్కటే అదే దారి పట్టాయి.

మొన్న సామ్రాజ్యం మళ్లీ వచ్చింది. చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది.

"పిన్నీ, మా చిన్నదానికి ఏడోనెల. నీ పాతచీర ఒకటి..." అని ఆగింది.

రాహేలమ్మ తొక్కడం ఆపలేదు. నా టకటకల మధ్యనే చెప్పింది.

"పాతయ్యన్నీ అయిపోయినయ్యే. ఒంటిమీదుంది కొత్తది, మా కోడలు తెచ్చింది. మొదటి కాన్పుకి మీ వియ్యపురాళ్లున్నారుగా, వాళ్లనడుగు. రెండో కాన్పుకి రా. అప్పటికి ఇది మెత్తబడుద్ది."

సామ్రాజ్యం ముఖం కందిపోయింది. అయినా తల ఊపింది. "వస్తా పిన్నీ. నువ్వు మాత్రం అది రోజూ కట్టు," అంది.

ఆ చీర మెత్తబడటానికి ఎంత లేదన్నా మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లలో ఒక్కరోజు కూడా నేను బిగుసుకోను.