స్విట్జర్లాండ్‌కు ఇద్దరం

మట్టెవాడలో ఒక చీరల దుకాణం పైన ఉన్న గదిలో దేవదానం సార్ జర్మన్ నేర్పుతారు. నేర్చుకునేవాళ్లంతా నర్సులే. పగలు డ్యూటీ ఉన్నవాళ్లు సాయంత్రం వస్తారు, రాత్రి డ్యూటీ చేసినవాళ్లు పొద్దున్నే కళ్లు మండుతుండగా వచ్చి కూర్చుంటారు. జర్మనీ ఆస్పత్రుల్లో నర్సులు కావాలి కానీ, భాష పరీక్ష పాసైతేనే పిలుస్తారు. కింద దుకాణంలో బేరాలు సాగుతుంటే పైన వీళ్లు నోరు తిరగని మాటలు వల్లె వేస్తుంటారు.

హన్నా, సుకన్య ఆ గదిలోనే పక్కపక్కన కూర్చునేవాళ్లు. ఇద్దరూ హన్మకొండలో ఒకే ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసేవాళ్లు. హన్నా మట్టెవాడ పిల్లే. తండ్రి స్టీఫెన్ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. చిన్నప్పటి నుంచి ఆమె చదువు శుద్ధం, రాత శుద్ధం. సుకన్యది పాలంపేట. రామప్ప గుడి దాటాక వచ్చే పొలాల్లో వాళ్ల నాన్న రాయమల్లు వరి పండిస్తాడు. హన్నా కంటే చిన్నది కాబట్టి అక్కా అని పిలిచేది. డ్యూటీలు మార్చుకుని మరీ ఒకే సమయానికి క్లాసుకొచ్చేవాళ్లు.

ప్రయాణాల పాఠం మొదలైన రోజు సార్ నవ్వుతూ చెప్పారు. మనకు ఒక్క 'కు'తో పనైపోతుంది, కాజీపేటకు పోతాం, బడికి పోతాం, జర్మనీకి పోతాం. వాళ్లు అలా కాదు, ఎక్కడికి పోతున్నావో చూసి మాట మారుస్తారు. ఊరికైనా, చాలా దేశాలకైనా 'నాఖ్' అనాలి. మనిషి దగ్గరికైతే 'ట్సూ'. కొన్ని దేశాల పేర్లకు ముందే ఒక చిన్న మాట అతుక్కుని ఉంటుంది, స్విట్జర్లాండ్ అలాంటిదే. అక్కడికి పోతున్నామంటే 'ఇన్ డీ ష్వైట్స్' అనాలి. అక్కడే ఉన్నామంటే 'ఇన్ డేర్ ష్వైట్స్'. డీ అంటే ఇంకా దారిలో ఉన్నావు, డేర్ అంటే చేరిపోయావు.

హన్నాకు అది ఒక్కసారి వింటే పట్టుబడింది. సుకన్యకు నెలలు గడిచినా పట్టుబడలేదు. అయినా ఆమె ఆగేది కాదు. ఒకరోజు సార్ ఏదైనా ప్రయాణం గురించి చెప్పమంటే లేచి నిలబడి మేడారం జాతర గురించి జర్మన్‌లో చెప్పింది. నాయనమ్మ ఎడ్లబండిలో తీసుకుపోయిన సంగతి, అడవిలో వంట చేసుకున్న సంగతి, తన ఎత్తు బెల్లం తూచి అమ్మవార్లకు ఇస్తుంటే తక్కెడలో కూర్చుని ఏడ్చిన సంగతి. అమ్మవారి దగ్గరికి అనడానికి 'నాఖ్ సమ్మక్క' అంది, సమ్మక్క అంటే ఊరన్నట్టు. హన్నా మనసులో తప్పులు ఏరుకుంటూ కూర్చుంది. తక్కినవాళ్లు నవ్వుతూ, అడుగుతూ, ఆ తర్వాతేమైందంటూ విన్నారు.

చివర్న సార్ మెచ్చుకుని, హన్నా వైపు చూసి, "సుకన్య జర్మనీల దిగిన్నాడే బస్సెక్కి పోతది. నువ్వు స్టాప్‌ల నిలబడి నాఖా, ఇన్నా అని చూసుకుంటుంటవ్, బస్సు పోతది" అన్నారు.

అందరూ నవ్వారు. హన్నా కూడా నవ్వింది. సార్ ఆ మాట అప్పుడే మరచిపోయారు. హన్నా మాత్రం మరచిపోలేదు.

పరీక్ష హైదరాబాద్‌లో. చదవడం, వినడం, రాయడం అయ్యాక మాట్లాడే పరీక్ష ఉంటుంది. అందులో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక విషయం ఇస్తారు. ఇద్దరూ మాట్లాడుకుని ఏదో ఒకటి నిశ్చయించుకోవాలి. ఎవరికి ఎవరు జోడీ పడతారో ముందుగా తెలియదు. గోడ మీద కాగితంలో తమ ఇద్దరి పేర్లు పక్కపక్కన కనబడేసరికి సుకన్య హన్నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక ఫికర్ లేదంది.

ఇద్దరూ కలిసి సెలవుల్లో ఒక ప్రయాణం పెట్టుకోవాలి, అదీ వాళ్లకు వచ్చిన విషయం. బల్లకు అవతల ఒక ఆయన, ఒక ఆమె కూర్చుని ఉన్నారు. ఆమె చేతిలో కలం. సుకన్యే మొదలుపెట్టింది. గొంతు కొంచెం వణికినా బాగానే మొదలుపెట్టింది. మనం స్విట్జర్లాండ్‌కు పోదామా, నాకు మంచు చూడాలని ఉంది అంది. అయితే 'ఇన్ డీ' అనాల్సిన చోట 'ఇన్ డేర్' అంది.

ఆ తప్పును దాటేసి, మంచి ఆలోచన, రైల్లో పోదామా అని అడిగి ఉంటే మాట సాగిపోయేది. అది హన్నాకు తెలుసు. ఆ క్షణంలోనే తెలుసు. బల్లకు అవతల ఉన్నామె తల వంచి రాసుకుంటోంది. ఆమె తలెత్తి తన వైపు చూడాలనిపించింది హన్నాకు. చిన్నగా నవ్వి, చిన్నపిల్లకు చెప్పినట్టు, "డేర్ కాదు, డీ. ఇన్ డీ ష్వైట్స్" అని జర్మన్‌లో దిద్దింది.

ఆమె తలెత్తి చూసింది. సుకన్య మొహం ఎర్రబడింది. సరే అని, మళ్లీ వాక్యం మొదలుపెట్టి, మధ్యలో ఏ మాట వాడాలో తోచక ఆగిపోయింది. ఆ తర్వాత ప్రతి మాట ముందూ ఆగింది. హన్నా ఆ ఖాళీలన్నీ నింపింది. ఏ రైలు, ఏ హోటల్, ఏం తిందాం, ఏ బట్టలు పెట్టుకుందాం, అన్నీ తానే చెప్పింది. ఔనో కాదో చెబితే చాలన్నట్టు సుకన్యను అడిగింది. సుకన్య ఔనంది. స్విట్జర్లాండ్ ప్రయాణం మొత్తం హన్నా ఒక్కతే చేసొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో సుకన్య కిటికీ పక్కన కూర్చుంది. భువనగిరి దాటాక హన్నా భుజం మీద తల పెట్టి, "నువ్వు లేకుంటే నేను మొత్తానికే ఆగిపోతుంటి అక్కా. నన్ను గుంజుకొచ్చినవ్" అంది.

ఆ తల బరువు హన్నాకు కాజీపేట దాకా తెలుస్తూనే ఉంది.

ఫలితాలొచ్చాయి. హన్నా అన్నిటా పాసైంది, మాట్లాడడంలోనే అందరికంటే ఎక్కువ మార్కులు. సుకన్య మూడు పాసై మాట్లాడడం ఒక్కటే తప్పింది. ఇద్దరినీ ఒకే ఆస్పత్రికి తీసుకుంటామన్న జర్మనీ వాళ్లు హన్నాకు కాగితాలు పంపారు. సుకన్యను మళ్లీ రాసి పాసయ్యాక చూద్దామన్నారు.

సుకన్య ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. క్లాసుకు రావడం మానేసింది. హన్నా ఫోన్ చేస్తే తనకు నోరు లేదనీ, ఉత్త ధైర్యంతో ఇంత దూరం వచ్చాననీ, అసలు మనిషి ఎదురుగా కూర్చునేసరికి అది బయటపడిందనీ అనేది. వార్డులో కూడా మాట తగ్గించింది. సెలవు పెట్టి ఊరికి పోయింది. కానీ అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పింది, హన్నక్క ఎంతో సాయం చేసిందని, తప్పు తనదేనని. ఆ మాట తిరిగి తిరిగి హన్నా చెవిన పడేది. ఆస్పత్రి క్యాంటీన్‌లో ఒక నర్సు, నీలాంటి దోస్తు ఉండాలి అంటే హన్నా చాయ్ సగంలో వదిలేసి లేచిపోయింది.

ఆమె తనకు తాను ఎన్నో చెప్పుకుంది. తప్పును తప్పని చెప్పడం తప్పా? పరీక్షలో ఎవరి మార్కులు వాళ్లవి. సుకన్య భయపడితే తానేం చేస్తుంది? ఇవన్నీ చెప్పుకున్న ప్రతిసారీ, ఆ కలం పట్టుకున్నామె తలెత్తినప్పుడు తనకు కలిగిన సంతోషం గుర్తుకొచ్చేది. అక్కడితో సమాధానాలన్నీ ఆగిపోయేవి.

నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల. మనసులో తప్పు దాచుకుని ఆ రొట్టె తీసుకోకూడదంటారు. రొట్టె పళ్లెం వరుసలో చేతులు మారుతూ వచ్చింది. హన్నా దాన్ని అందుకుని, ఏమీ తీసుకోకుండా పక్కావిడకు ఇచ్చేసింది. కీబోర్డు దగ్గరి నుంచి స్టీఫెన్ చూశాడు. ఇంట్లో కూర వడ్డిస్తూ, ఎవరితోనైనా మాట్లాడేదుంటే పోయి మాట్లాడి రా బిడ్డా అని మాత్రం అన్నాడు.

మర్నాడు ఆమె ములుగు బస్సెక్కింది. అక్కడి నుంచి పాలంపేటకు ఆటోలో పోయింది. నాట్లు పడుతున్న రోజులు. రాయమల్లు పొలంలోనే ఉన్నాడు. ఇంట్లో సుకన్య తల్లి లక్ష్మీనర్సమ్మ ఎదురొచ్చి, మా పిల్లకు నువ్వు ఎంతో చేసినవని బిడ్డ చెప్పింది అంటూ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కూలీల కోసం వండిన అన్నంలోంచే వేడివేడిగా పెట్టింది. చింతకాయ తొక్కు వేసింది, పెరుగు గిన్నె దగ్గరికి జరిపింది. హన్నా కంచం ఖాళీ చేసింది. వద్దనే అర్హత తనకు లేదనిపించింది.

సుకన్య పొలం నుంచి వచ్చింది, కాళ్లకు బురదతో. హన్నాను చూసి మొహం వెలిగింది. ఇద్దరూ వెనక పెరట్లో నీళ్ల తొట్టి దగ్గరికి పోయారు. సుకన్య కాళ్లు కడుక్కుంటుంటే హన్నా చెప్పేసింది. ఎలా చెప్పాలో బస్సులో ఎన్నో రకాలుగా అనుకుంది కానీ, చివరికి చిన్నగానే వచ్చింది.

"నిన్ను నేనే ఆపిన సుకన్యా. నువ్వు మంచిగ మాట్లాడుతున్నవ్. ఆమె నా దిక్కు చూడాలని నిన్ను దిద్దిన. నాకు తెల్సే చేసిన."

సుకన్య చెంబు పట్టుకుని నిలబడింది. మొదట అర్థం కానట్టు చూసింది. ఎందుకని అడిగింది. హన్నా మేడారం పాఠం రోజు సంగతి చెప్పింది, సార్ అన్న మాట చెప్పింది. నువ్వు తప్పులతో మాట్లాడినా అందరూ నీ మాటే వింటుంటే నేను ఓర్వలేకపోయానని కూడా చెప్పింది. చెబుతుంటే అది ఎంత చిన్న కారణమో ఆమెకే వినబడి సిగ్గుతో తల వంగిపోయింది.

సుకన్య చెంబు తొట్టి అంచున పెట్టింది. కోపంగా అనలేదు.

"దిద్దినందుకు గాదక్కా. గా గదిల ఎవరికైనా భయమైతది, ఏదో ఒకటి చేస్తరు. కని ఇన్ని దినాలు నాకు నోరు లేదనుకొని మొత్తుకుంటాంటే, నువ్వు ఫోన్ల ఇనుకుంట ఊకున్నవ్."

నేను కాగితాల మీద సంతకం పెట్టను, నువ్వు పాసయ్యే దాకా ఆగుతా, మళ్లీ నేర్పుతా అంది హన్నా. సుకన్య తల అడ్డంగా ఊపింది. నా కోసం నువ్వు ఆగితే ఆ బరువు కూడా నేనే మోయాలి, పో, నీ పని నువ్వు చూసుకో అంది. తర్వాత లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. లక్ష్మీనర్సమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆటో దాకా వచ్చి, మళ్లీ రా బిడ్డా అని సాగనంపింది. హన్నా తల ఊపి ఆటో ఎక్కింది.

మరుసటి వారం హన్నా సార్‌కు కూడా అంతా చెప్పింది. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టారు. ఆనాడు తాను తమాషాకు అన్న మాట కూడా తప్పేనన్నారు. హన్నాకు అది ఓదార్పుగా అనిపించలేదు. తన తప్పులో ఆయన వాటా అడగడానికి ఆమె రాలేదు.

కొన్నాళ్లకు సుకన్య క్లాసుకు తిరిగి వచ్చింది. తామిద్దరూ కూర్చునే బెంచీలో కూర్చోలేదు. కిటికీ దగ్గర కొత్తగా చేరిన నవ్య అనే అమ్మాయి పక్కన కూర్చుంది. మొదట్లో మెల్లగా, తర్వాత తర్వాత మునుపటిలాగే తప్పులతో గలగలా మాట్లాడింది. హన్నా వీసా పనుల కోసం సార్ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ గొంతు మెట్ల మీదికే వినబడేది. లోపలికి పోకుండా అది కొంచెంసేపు విని, అప్పుడు తలుపు తోసేది.

రెండోసారి పరీక్షలో సుకన్యకు కరీంనగర్ అమ్మాయి ఎవరో జోడీ పడింది. ఈసారి పాసైంది. ఆ సంగతి హన్నాకు సార్ చెప్పారు, సుకన్య కాదు. ఆ రాత్రి హన్నా పడుకోబోతూ దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చింది. సంతోషమే, అయినా బరువు దిగలేదు. సుకన్య పోగొట్టుకున్న ఆ నెలలు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

సుకన్య స్వీట్లు పంచడానికి వచ్చిన రోజు హన్నా కూడా ఆ గదిలోనే ఉంది. సుకన్య డబ్బా పట్టుకుని వరుసగా అందరి దగ్గరికీ వచ్చి, హన్నా ముందు కూడా ఆగింది. హన్నా ఒకటి తీసుకుంది. చివరికి ఏ ఊరు ఖాయమైందని సుకన్య అడిగింది. లైప్‌ట్సిగ్ అని హన్నా చెప్పింది. మరి నువ్వు అని అడిగింది.

"అక్కడ్నే ఇస్తమన్నరు. నేనే వేరే ఊరు అడిగిన. హాంబుర్గ్ ఇచ్చిండ్రు" అంది సుకన్య.

హన్నా తల ఊపింది. డబ్బా పట్టుకుని సుకన్య పక్క బెంచీ వైపు తిరగబోతుంటే హన్నా, "అక్కడికి పోయినంక ఫోన్ చెయ్యొచ్చా?" అంది.

సుకన్య ఆగి ఆలోచించింది.

"చెయ్యి. ఎత్తబుద్ధయితే ఎత్తుత" అంది. పక్కన ఉన్న నవ్యకు డబ్బా చాపింది.