వంతు నడక

ప్రతిరోజూ మూడింటికి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆసుపత్రికి బయల్దేరేవారు. ఒకరు చక్రాల కుర్చీలో, ఇంకొకరు దాన్ని తోస్తూ. ఎవరు తొయ్యాలన్నది నిన్నటి వంతును బట్టి ఉండేది.

ఇద్దరిదీ ఒకటే జబ్బు, మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీది పొర దెబ్బతిని కాళ్ళు మాట వినడం మానేస్తాయి. అక్క కాళ్ళు ముందు మొండికేశాయి, చెల్లెలివి తర్వాత. నడిపించే రోబో ఒకటి ఆసుపత్రికి వచ్చింది. నడుముకు పట్టీలు బిగించి, ఇనుప కాళ్ళు తొడిగి, కదిలే బెల్టు మీద నిలబెడతారు. రెండు నెలలకు చెల్లెలికి నడక వచ్చింది. మర్నాడు ఆమె దిగాక అక్క ఎక్కితే, ఆ నడక కాస్తా అక్కకు వెళ్ళిపోయింది. చెల్లెలు కూలబడింది.

ముందు ఎక్కినవాళ్ళ నడక రోబోలో ఉండిపోతుంది, తర్వాత ఎక్కినవాళ్ళు దాన్ని తొడుక్కుని పోతారు. దానికెవరూ వింతపడలేదు. ఫిజియోథెరపిస్టు రిజిస్టర్లో "నడక అక్క దగ్గర" అని రాసుకుని, రేపు వరస మార్చి ఎక్కమంది.

నడక చెల్లెలిదే కదా, వంతులేమిటని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. వంతులు పెట్టమన్నది చెల్లెలే. అక్క బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ పని చేస్తుంది. బల్ల ముందు నిలబడితే తప్ప కత్తెర సాగదు. రోజు విడిచి రోజైనా పనికి వెళ్ళనీ అనుకుంది పిచ్చిది.

అలా ఏడాది గడిచాక, రోబోను వేరే ఆసుపత్రికి తరలిస్తున్నారని తెలిసింది. శుక్రవారమే ఆఖరు. ఆ రోజు రెండో మనిషిగా ఎక్కినవాళ్ళకు నడక ఇక ఉండిపోతుంది. వేళ్ళు మడిచి లెక్కపెడితే ఆ వంతు చెల్లెలిదయింది.

శుక్రవారం పొద్దున తల్లి కొత్త చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఒక్క జతే. అక్క పాదం అందులో పట్టదు. అక్క వాటిని చూసింది.

ఆ రోజు కుర్చీ తోసింది అక్క. దారంతా చెల్లెలు తప్పు చేసినదానిలా మాట్లాడుతూనే ఉంది. దుకాణం యజమానిని బతిమాలి బల్ల ఎత్తు తగ్గించమంటుందట, రోజూ తనే తోసుకెళ్ళి దింపుతుందట. అక్క ఊఁ కొట్టింది. వరండాలో కుర్చీకి బ్రేకు వేసింది.

"టీ తాగి వస్తానే. ముందు నేనెక్కుతా, తర్వాత నువ్వు."

"నాకూ ఒకటి పట్రా అక్కా."

నాలుగైంది. నువ్వన్నా ఎక్కమని ఫిజియోథెరపిస్టు అంటే, అక్క ఎక్కకుండా తనెక్కి ఏం లాభమంది చెల్లెలు. ఐదింటికి మనుషులొచ్చి ఇనుప కాళ్ళు విప్పి పెట్టెల్లో సర్దారు. అక్క దారిలో ఎక్కడైనా పడిపోయిందేమోనని చెల్లెలు ఏడ్చింది. అనుమానించడం అన్న విద్య ఆమెకు రాలేదు. మంచికి పోతే చెడు ఎదురైనట్టు అని ఎంతమంది చెప్పినా చెవికెక్కించుకోలేదు.

ఫిజియోథెరపిస్టే కుర్చీ తోసుకొచ్చి, ఇంటి ముందు దింపి, బస్సు వేళవుతోందని పరుగెత్తింది. చెల్లెలు తలుపు తట్టింది.

లోపల అడుగులు కదిలాయి. కుడికాలు గట్టిగా, ఎడమకాలు అరక్షణం ఆలస్యంగా. చిన్నప్పటినుంచి తను నడిచిన నడక అది. ఎవరి కాళ్ళలో ఉన్నా పోల్చుకోగలదు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, వచ్చేశావా? నీకేం కాలేదు కదా?"

అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"ఎవరే?" వంటింట్లోంచి తల్లి అడిగింది.

"ఎవరూ లేరమ్మా," అంది అక్క, గడియ పెడుతూ.