సముద్రపు తోడు

సముద్రపు బ్యాక్టీరియా మీద పరిశోధన చేస్తున్నానంటే మా వీధి మొత్తం నన్ను చూసి నవ్వింది. కనగానపల్లిలో చెరువే నిండదు, ఈ పవిత్రకు సముద్రం ఎందుకని. నవ్వితే నవ్వారు. కష్టపడి వేరుచేసిన నా బ్యాక్టీరియా బెంగళూరు ల్యాబులో ఫ్రిజ్ చెడిపోయి చచ్చిపోయింది, విశాఖలో దాచిన ఒక్క సీసాలో మాత్రం మిగిలింది. అది బతికుండగా బెంగళూరు చేరకపోతే నా చదువు మళ్లీ మొదటికొస్తుంది. విశాఖ నుంచి దాన్ని తీసుకుని నేరుగా పోకుండా, అవ్వను చూద్దామని ధర్మవరంలో రైలు దిగాను. బుద్ధి గడ్డి తినింది.

ఆ రాత్రి సీసాలో ఏముందని మా అవ్వ సుంకమ్మ అడిగింది. నాకు పాఠం చెప్పే జబ్బు ఉంది కదా, చెప్పాను. ఈ సూక్ష్మజీవులు సముద్రపు నాచులోని గంధకాన్ని తిని ఒక వాయువు వదులుతాయి. అది పైకి పోయి కంటికి కనబడని నలుసులవుతుంది. వాటి మీద ఆవిరి చేరి మబ్బు కడుతుంది. గంధకం వానతో నేలకు దిగుతుంది.

"అంటే పెరుగు తోడు మాదిరా?"

"అట్లాంటిదే అవ్వా."

దాంతో కొంప మునిగింది. పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి వాకిట్లో గిన్నెలతో ఆడవాళ్లు వెళ్లిపోతున్నారు. తోడు అడిగితే లేదనే ఇల్లు మా వీధిలో లేదు. వాన తోడని తెలిసి వచ్చిన వాళ్లందరికీ అవ్వ తలా చెంచా పోసి, సీసా శుభ్రంగా కడిగి బోర్లించింది. నేను ఏడుస్తుంటే, ఇన్ని పాలు కాచి మళ్లీ తోడేసుకోరాదా అని అడిగింది.

ఇల్లిల్లూ తిరిగాను. చౌడక్క చేనులోని నీటికుంటలో పోసింది. మంచినీళ్లలో అవి బతకవు. గంగాదేవి, మబ్బుకు దగ్గరని, మిద్దె మీద చల్లింది. కళావతి పాలలో కలిపింది. పాలు విరిగితే కుక్కకు పోసింది, కుక్క వాసన చూసి వీధి మార్చింది.

ఇక రంగప్ప మిగిలాడు. పక్కవాడి చేను చూడందే తన చేనుకు మందు కొట్టని మనిషి. ముందు ఎవరికి వాన పడుతుందో చూద్దామని, పెళ్లాం తెచ్చినదాన్ని కడిగిన దగ్గుమందు సీసాలో పోసి మూత బిగించాడు. నాకు ఆ చెంచాడు చాలు, ల్యాబులో కోట్లకు పెరుగుతుంది.

"వాన పడినంక ఇస్తాలే పాపా. గంధకం గూడా వస్తాదంట కదా, ఈసారి శెనక్కాయకు దానికోసం జిప్సం కొనేపనే లేదు" అన్నాడు.

"ఈ నీళ్లతో యాడన్నా వాన..." అని ఆగిపోయాను. వీధంతా వెనకే నిలబడింది, మధ్యలో అవ్వ. పొద్దుటి నుంచి అందరూ మబ్బు ఎప్పుడొస్తుందని ఆమెనే అడుగుతున్నారు. అంత సంతోషం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. ఆమె మీద నాకు కోపం మండుతూనే ఉంది. అయినా నిజం నోటికి రాలేదు.

అవ్వ నా ముఖం చూసింది. ముందుకొచ్చింది.

"ఆ నీళ్లతో ఈడ వాన పడదు రంగప్పా. చెంచాడుకే పడేటట్లుంటే సముద్రం అంత పెద్దది ఎందుకు? పాప నాకు రాత్రే చెప్పింది. నేనే సరిగా వినలేదు. దాని తోడు దానికి ఇయ్యి."

వీధి గొల్లున నవ్వింది. రంగప్ప సీసా ఇచ్చాడు. అవ్వ కూడా వాళ్లతో కలిసి నవ్వుతూ దాన్ని నా చేతిలో పెట్టింది.

వాన పడదన్న మాట నేనామెకు చెప్పనే లేదు.