జర్మనీ కారుకు పసుపు కుంకుమ

పులివెందులలో ఆటో స్టాండు వెనక మహబూబ్ బాషా బ్రేకుల షాపు ఉంది. మహబూబ్ కొత్త బ్రేకు బిగించి బండి నడిపి చూస్తుంటే, అతని భార్య హఫీజా టీ గ్లాసు పట్టుకుని వీధి చివర నిలబడుతుంది. బ్రేకు పట్టకపోతే ఆమె "ఆగు" అంటుంది. బండి ఆగుతుంది. మళ్ళీ ఆమె "పో" అనేదాకా కదలదు. పొంగుతున్న పాలైనా, చెయ్యెత్తి కొట్టుకునే మగవాళ్ళైనా అంతే. కువైట్‌లో పనిచేసిన ఆరేళ్ళూ ఆమె ఇక్కడి పాలు పొంగకుండా ఫోన్లోనే ఆపింది. ఆ వీధివాళ్ళకు ఇది వింతేమీ కాదు. వాళ్ళకు వింత ఎదురింటి నరేష్ రెడ్డి.

లింగాల దగ్గర తండ్రి పెంచిన చీనీ బత్తాయి తోట పుణ్యమా అని నరేష్ జర్మనీ కారు కొన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పనీ చేసి ఎరగడు గనక, ఏ పనైనా తాను చేయగలనని అతనికి గట్టి నమ్మకం. కారు బ్రేకులు కీచుమనడం మొదలెట్టగానే పదకొండు వీడియోలు చూసి, ప్రొద్దుటూరు నుంచి కొత్త ప్యాడ్లు తెప్పించాడు.

అదే వారం అతని భార్య హేమలతకు టీచరు ఉద్యోగం వచ్చింది. మూడోసారి పరీక్ష రాస్తే వచ్చిన ఉద్యోగం. సోమవారం పదకొండులోగా జమ్మలమడుగు ఆఫీసులో సంతకం పెట్టకపోతే పోతుంది.

"రేపే బస్సులో పోయి చేరతా మామా" అంది బుధవారం నాడు.

"మన ఇంటి ఆడది బస్సు కడ్డీ పట్టుకోని నిలబడాల్నా? నేను దింపుతా. బ్రేకులు మార్చేది అరగంట పని" అన్నాడు నరేష్.

ఆ అరగంట గురువారం మొదలై ఆదివారం దాకా సాగింది. మొదటిరోజు చక్రం ఊడదీశాడు. రెండోరోజు ఊడదీసిన బోల్టు వెతికాడు. మూడోరోజు వెనక్కి పోనని మొరాయించిన బ్రేకు పిస్టన్‌ను సుత్తితో బెదిరించాడు. ముందు కారు కంప్యూటరుకు చెప్పాలట, ఆ సంగతి పన్నెండో వీడియోలో ఉంది. ఇదంతా తాను కూడా వీడియో తీసుకున్నాడు. చేతికి నల్ల మరక అంటినప్పుడల్లా దాన్ని కెమెరాకు చూపించాడు.

ఆదివారం ప్యాడ్లు బిగించే ముందు ఇంకో ఆలోచన వచ్చింది. కొత్త వస్తువు, పూజ చేయకుండా ఎట్లా? నువ్వుల నూనెలో పసుపు కుంకుమ కలిపి, ప్యాడ్లకు రెండు వైపులా దట్టంగా పట్టించాడు. పాల ప్యాకెట్ కోసం పోతున్న హఫీజా అది చూసి ఆగిపోయింది.

"అప్పా, ప్యాడుకు నూనె తగిలితే బ్రేకు పట్టదు. అవి పనికిరావు, వేరేవి వెయ్యి."

"ఏమ్మే, ఇది ఆటో అనుకుంటివా? జర్మనీ కారు. పూజ చేసిందానికి తప్పు పడతాండావు."

హఫీజా వాకిట్లో నిలబడ్డ హేమలత వంక చూసి, చెవి దగ్గర ఫోను పెట్టుకున్నట్టు చెయ్యి ఆడించి పోయింది.

సోమవారం బయలుదేరారు. ముద్దనూరు చేరేలోపల బ్రేకు రెండుసార్లు జారింది. "కొత్తవి గదా, పదునెక్కాల" అన్నాడు నరేష్. ముద్దనూరు దాటి కొండ దిగేటప్పుడు మూడోసారి జారింది. ఈసారి కారంతా పసుపు మాడిన వాసన. ముందర బండల లారీ మెల్లగా దిగుతోంది. నరేష్ పెడల్ మీద దాదాపు లేచి నిలబడ్డాడు, కారు మాత్రం వేగం పుంజుకుంది.

"ఇదంతా నీ ఉద్యోగం అరిష్టమే. ఈ కారు ఒక్కసారి నిలబడితే సాలు, వెనక్కి తిప్పుతా. నీకు ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు" అని అరిచాడు.

హేమలత అప్పటికే ఫోను చేసింది. "హఫీజక్కా, కారు నిలబడల్యాదు."

"కారు ఒక్కటే ఆపాల్నా, రెడ్డిని గూడా ఆపాల్నా?"

హేమలత మొగుడి ముఖం వంక చూసింది. జీవితంలో మొదటిసారి ఎవరో ఆమెను ఇట్లా అడిగారు.

"ఇద్దరినీ అక్కా."

"ఆగండి" అంది హఫీజా.

లారీకి జానెడు దూరంలో కారు ఆగింది. నరేష్ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయాడు. లారీ కొండ దిగి వెళ్ళిపోయింది. హేమలత కాగితాల సంచి తీసుకుని, వెనక వస్తున్న బస్సుకు చెయ్యెత్తింది. సీట్లన్నీ నిండి ఉన్నాయి. జమ్మలమడుగు దాకా కడ్డీ పట్టుకుని నిలబడింది, హాయిగా.

పదకొండుకు పది నిమిషాల ముందు సంతకం పెట్టింది. ఆఫీసు అటెండరు ఇచ్చిన టీ తాపీగా తాగి, అప్పుడు ఫోను తీసింది.

"చేరినానక్కా. ఇంగ మా ఆయప్పను పొమ్మను."

"కారునో?"

"దాన్ని ఆడ్నే ఉండనీ."

కొండ మీద నరేష్‌కు కదలిక వచ్చింది. పెడల్ మీద కాలు, ముందర ఖాళీ రోడ్డు. ఛాతీ పొంగింది.

"చూసినావా, నా బ్రేకు ఎట్ల పట్టిందో" అన్నాడు పక్కకు తిరిగి.

పక్క సీట్లో ఎవరూ లేరు. నరేష్ ఫోను తీసి, అదే మాట మళ్ళీ వీడియోలో చెప్పాడు.